పెదవి తగలని పేజీ

శనివారం ఉదయం తొమ్మిదింబావుకు నరహరి తన రిపోర్టు చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదీ ఇరవై అయిదుకల్లా ముగించాడు. ముప్ఫై ఏడేళ్ళు బతికిన మనిషి చావుకు పది నిమిషాలు సరిపోయాయి.

"మృతుడు ముత్తయ్య. గని టైం ఆఫీసులో గుమాస్తా. బుధవారం సాయంత్రం ఆరు, ఎనిమిది గంటల మధ్య ఇనుపరాయి జల్లించే పాత స్క్రీనింగ్ ప్లాంటు మెట్ల మీది నుంచి దూకాడు. శవాన్ని గురువారం ఉదయం ఆరున్నరకు ఊడ్చేవాళ్ళు చూశారు. చివరి మాటలు టైపు చేసి ఇదే గదిలో, ఇదిగో ఈ మిషను మీదే వదిలి వెళ్ళాడు. ఆత్మహత్య."

గనిలో పనిచేసే తెలుగువాళ్ళు పెట్టుకున్న తెలుగు సంఘం గది అది. రెండు బీరువాల పుస్తకాలు, ఒక పొడుగు బల్ల, తెలుగు టైపు మిషను. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ సుక్రాం కాపలాగా నిలబడి ఉన్నాడు. సారలమ్మ బల్లకు ఇవతల కూర్చుని చేతులు కట్టుకుని విన్నది. దంతెవాడ కోర్టులో పదకొండేళ్ళు దుబాసీగా పనిచేసిన మనిషి ఆమె. గోండీ, దోర్లీ మాట్లాడేవాళ్ళ వాంగ్మూలాలు హిందీలోకి మార్చి మార్చి, మనిషి గొంతు ఎక్కడ తడబడుతుందో ఆమె చెవికి పట్టుబడింది. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక వకీలు దగ్గర దర్యాప్తులు చేస్తుంది. ముత్తయ్య భార్య పెట్టుకున్న వకీలు ఆయనే.

నరహరి విశాఖపట్నం నుంచి వచ్చాడు. పోలీసు శాఖలో దస్తావేజుల పరీక్ష చేసి రిటైరైన మనిషి. గని కాంట్రాక్టరు కబురు పెట్టి పిలిపించాడు. పోలీసు స్టేషను చూసే థానేదారుకు తెలుగు రాదు కాబట్టి నరహరి ఏది రాస్తే అదే ఫైల్లోకి వెళ్తుంది.

"ఆ కాయితం చూడొచ్చునా సార్?" అంది సారలమ్మ.

నరహరి జరిపాడు. పైన 41 అని పేజీ నంబరు. కింద టైపు అక్షరాలు.

"నా నోరు తెరిచే ఉంటది. నేను అనగలిగినదే అంటాను. గుట్ట ఎర్రగా ఉన్నది. ఏట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్న కూడు ఎర్రగా ఉన్నది. ఆ రోజు ఎత్తున ఉన్న రాళ్ళగుట్ట కిందికి జారింది. జారిన చోట ఎవరెవరు ఉన్నారో కాయితాలలో లేదు. ఇక ఈ జీవితం నాకు వద్దు. నా చేతులతో నేనే దీన్ని అంతం చేస్తున్నాను. ఇందులో ఎవరి దోషం లేదు."

ఆమె రెండుసార్లు చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆమెకు ఒళ్ళు మండింది. కోర్టులో ఈ వాక్యాన్ని ఆమె ఎన్నో కాగితాల్లో చూసింది. చచ్చేవాడు ఎవడూ తనంతట తాను దాన్ని రాయడు. బతికున్నవాడికే దానితో అవసరం.

"సంతకం లేదే?"

"అక్కర్లేదు సారలమ్మగారూ. ఈ అక్షరాలే సంతకం." నరహరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది అతను రాస్తున్న నవల్లో ఆఖరి పేజీ. నవల పేరు 'తెరిచిన నోరు'. ఎర్రదుమ్ముకు పెదవులు పగిలి పుండై, రెండూ ఇక కలవని ఒక కూలివాడు చెప్పే కథ. పెదవులు కలవవు కనుక, కలిస్తే పలికే అక్షరాలు కథలో ఉండకూడదు. ప, ఫ, బ, భ, మ. వెనకటి పండితులు పద్యాల్లో చేసేవారు ఈ గారడీ. నిరోష్ఠ్యం అంటారు. ఇతను ఏకంగా నవలకే పూనుకున్నాడు. నలభై పేజీల్లో ఆ అయిదూ ఒక్కచోటా లేవు. ఈ పేజీలోనూ, చివరి వాక్యం దాకా, లేవు. చూసుకోండి."

ఆమె చూసుకుంది. నిజమే. లేవు.

"ఇలా రాయడం ఎవరికిబడితే వాళ్ళకు చేతకాదు. కాబట్టి రాసింది ముత్తయ్యే. డాక్టరు రిపోర్టులో ఇంకొకటుంది. పెదవుల లోపల సన్నటి గాట్లు. లోపల కుమిలిపోయే మనిషి పెదవులు కొరుక్కుంటాడు. ఇలాంటి పిచ్చి రాతలు రాసే మనసు ఎంత దూరం పోతుందో వేరే చెప్పాలా?"

"రాతను పిచ్చి అంటిరి. ఆ పిచ్చి రాతనే సాక్ష్యం అంటిరి. రెంటిల ఒక్కటి ఖాయం చేసుకోండి సార్" అంది సారలమ్మ.

నరహరి నవ్వాడు. "పన్నెండున్నరకు ఫైలు థానాకు పంపుతున్నాను. ఈలోగా మీకేదైనా దొరికితే తీసుకురండి."

ఆ గదికి ఎన్ని తాళంచెవులున్నాయని ఆమె సుక్రాంను అడిగింది. మూడని చెప్పాడు. ఒకటి ముత్తయ్య దగ్గర ఉండేది. ఒకటి లైబ్రరీ చూసే కుర్రవాడి దగ్గర, అతను నెలగా సెలవులో ఉన్నాడు. మూడోది సంఘం కార్యదర్శి జగన్నాథరావు దగ్గర. ఆయనే గనిలో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరు.

*

సంఘం గది గోడకు ఆనుకునే దుర్గమ్మ టీ కొట్టు. దుర్గమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా గని కార్మికులకు టీ పోస్తోంది. సారలమ్మ గ్లాసు అందుకుంటూ బుధవారం సంగతి అడిగింది.

"ఆరు గంటలకి తాళమేసి ఎల్లిపోనాడమ్మా ముత్తయ్యబాబు. నాకు సెప్పే ఎల్లాడు. ప్లాంటు కాడికి ఎవులో రమ్మన్నారట."

"మళ్ళ వచ్చిండా?"

"రాడం నాను సూడనేదు. ఏడున్నరకి దంతెవాడ ఆకరి బస్సొచ్చి ఆగినాది. జనం దిగినారు. నాను టీలు పోస్తన్నాను. అప్పుడే గదిలోన మిసను సప్పుడు ఇనిపించినాది. ముత్తయ్యబాబే మళ్ళీ వచ్చుంటాడు అనుకున్నాను."

"ఎంతసేపు?"

"పది గలాసులు పోసినంత సేపు. పది నిమిసాలు అనుకో."

"రోజూ విన్న చప్పుడే కదా. ఎప్పటిలెక్కనే ఉన్నదా?"

దుర్గమ్మ గరిటె ఆపింది. కాసేపు గోడ వంక చూసింది. "అడిగినావు గాబట్టి సెప్తన్నాను. ముత్తయ్యబాబుది ఒంటేలు కొట్టుడు. టక్కుమని ఒకటి, మల్లీ ఇంకొకటి. ఒక మాట కొట్టేముందు పదిమార్లు పైకి గొణుక్కుంటాడు. ఈ గోడకి ఇటేపు నాకు అంతా ఇనిపిస్తాది. నవ్వుకునేదాన్ని. ఆరోజు మట్టుకి రేకుల మీద వాన పడ్డట్టు కొట్టుకుంటూ పోనాడు. గొణుగుడు నేదు."

"ఈ ముచ్చట పోలీసులకు చెప్పినవా?"

"ఎవులడిగినారమ్మా నన్ను? టీ అడిగినారు, పోసినాను."

*

ముత్తయ్య క్వార్టరు గుట్ట కింది వరసలో నాలుగోది. సోమక్కకు ముప్ఫై ఏళ్ళుంటాయి. గుమ్మంలో కూర్చుని ఉంది. క్వార్టరు ఖాళీ చెయ్యమని అప్పుడే నోటీసు తెచ్చి తలుపుకు అంటించి వెళ్ళారు. అందులో ఏం రాసి ఉందో కూడా ఆమెకు తెలియదు. ఆమెకు చదువు రాదు.

"అక్కా, నా మొగడు ఏమో రాసి పెట్టి సచ్చిండంట. ఊరందరికి తెల్సు. ఏం రాసిండో నాకు ఎవ్వలు చెప్పలే" అంది సోమక్క.

మూడు రోజులు. థానేదారు వచ్చాడు, కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, విశాఖపట్నం నుంచి నరహరి వచ్చాడు. భర్త చివరి మాటలని చెప్పుకుంటున్న కాగితాన్ని భార్యకు చదివి వినిపించాలని వీళ్ళలో ఒక్కడికీ తోచలేదు. సారలమ్మ తను నకలు రాసుకున్న కాగితం బయటికి తీసింది.

"నేను చదువుతా చెల్లె. రాసుకొచ్చిన. ఇను."

ఆమె చదవడం మొదలుపెట్టగానే సోమక్క పెదవులు కదిలాయి. 'గుట్ట ఎర్రగా ఉన్నది' అని సారలమ్మ అంటుంటే 'ఏట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి' అని సోమక్క ముందే అందుకుంది. ఇద్దరూ కలిసి ఒక్కో వాక్యం దాటారు. 'కాయితాలలో లేదు' దాకా వచ్చారు. 'ఇక ఈ జీవితం' అని సారలమ్మ అనేసరికి సోమక్క ఆగిపోయింది.

"ఇది కాదక్కా."

"ఏది కాదు?"

"మంగళారం నాడు ఇదే ముచ్చట నాకు చదివిండు. ఏది రాసినా పొయ్యి కాడ కూసోని నాకు ఇనిపిస్తడు. నాకు చదువు రాదు గాని ఇన్నది మర్వ. 'కాయితాలలో లేదు' అన్నంక ఇట్ల ఉండె." ఆమె కళ్ళు మూసుకుని, భర్త చదివినట్టే ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "'చూసినది కోసే. అడగండి, దాచదు.' గంతే. ఆడికి అయిపాయె."

సారలమ్మ పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. "కోసే ఎవరు?"

సోమక్క చెప్పింది. కిందటి వానకాలంలో గనిలో పారబోసిన రాళ్ళగుట్ట ఒకటి ఉన్నట్టుండి జారింది. కింద నలుగురు కూలీలున్నారు. హడ్మా, మంగ్లూ, ముయా, అతని భార్య సోమి. ఆ నలుగురి హాజరు ముత్తయ్యే తన చేత్తో వేశాడు. మర్నాడు చూస్తే హాజరు పుస్తకంలో ఆ పేజీ లేదు. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరని వెల్ఫేర్ ఆఫీసరు జగన్నాథరావు రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. మంచినీళ్ళకు పక్కకు వెళ్ళి బతికిన మనిషి కోసే ఒక్కతే. ఆ భయంతో గని విడిచి తర్రెం దగ్గర మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది.

"నోరు మెదిపితే నౌకరి పోతదన్నరు. ఆయనేమో కత రాస్త అన్నడు. కత అయితే ఎవ్వడు ఏమనడు అన్నడు" అంది సోమక్క. గొంతులో దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. "ఏం కతనో. మా ఇంట్ల బువ్వ అంటం. ఆయన కూడు అని రాసిండు. ఎందయ్యా, కూడు తినేది బిచ్చపోళ్ళా అంటే నవ్వె. నా పేరు సుత రాయలే. ఇంటిది, ఇంటిది అనే రాసిండు. పన్నెండేండ్లు కాపురం చేస్తే నా పేరు ఆయనకు యాదికి రాలేదా?"

సారలమ్మ లేచి ముత్తయ్య రాసుకునే మూల చూసింది. చిన్న చెక్కపెట్టె. అందులో సిరా బుడ్డి, కార్బన్ కాగితాలు, నవల నలభై పేజీల నకళ్ళు. 41వ పేజీ లేదు. పెట్టె మూలకు గుప్పెడు చీపురు పుల్లలున్నాయి. ఒక్కోటీ అగ్గిపుల్లలో సగం పొడవు. అన్నీ ఒకే కొలత. రెండు కొసలూ చెక్కి ముల్లులా చేసి ఉన్నాయి. కొన్నిటి కొసలు నల్లబడ్డాయి. ఆమె ఒకదాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ఎండిన నెత్తురు.

"ఇవి దేనికి?"

"అది పెదాల నడుమ నిలబెట్టుకోని, వేళ్ళతోటి పట్టుకోని చదువుకుంటడు. పెదవికి పెదవి తాకితే కుచ్చుకుంటది. కుచ్చుకున్న మాట కొట్టేస్తడు. ఇంకోటి యెతుకుతడు. ఒకనాడు పెదవంతా నెత్తురే. ఎందుకీ బాధ అంటే ఇనడు."

డాక్టరు రాసిన గాట్లు. కుమిలిపోయిన మనిషి కొరుక్కున్న గాట్లు కావవి. సారలమ్మ ఒక పుల్ల పెదవుల మధ్య నిలువుగా పెట్టుకుని 41వ పేజీ మొదటి నుంచి మెల్లగా చదివింది. 'కాయితాలలో లేదు' వరకు పుల్ల ఎక్కడా గుచ్చుకోలేదు. తరువాతి వాక్యంలో మూడో మాట దగ్గర చురుక్కుమంది.

ఆమె నలభై పేజీలూ ముందేసుకుని కూర్చుంది. పదకొండు అయింది, పన్నెండు అయింది. వేలు పెట్టి ఒక్కో వాక్యం చివరా, ఒక్కో మాట చివరా చూసుకుంటూ పోయింది. పన్నెండూ పది నిమిషాలకు లేచింది.

"చెల్లె, నువ్వూ రా నాతో."

*

వాళ్ళు వెళ్ళేసరికి నరహరి ఫైలుకు తాడు కడుతున్నాడు. టైము పన్నెండు ఇరవై.

"ఆఖరి మూడు వాక్యాలు ముత్తయ్యవి కావు" అంది సారలమ్మ.

"ఆధారం?"

"ఈమె చెవి. అసలు పేజీ ఈమెకు మంగళవారం చదివి వినిపించిండు."

నరహరి సోమక్క వైపు చూశాడు. "అమ్మా, నీ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ చదువురాని భార్య జ్ఞాపకం కోర్టులో నిలబడదు. సారలమ్మగారికి ఆ సంగతి తెలియనిది కాదు."

సోమక్క తల దించుకోలేదు. సారలమ్మ జేబురుమాలు విప్పి బల్ల మీద పుల్ల పెట్టింది.

"సరే సార్. చదువుకున్న మీ నోరే సాక్ష్యం చెప్తది. ఇది పెదవుల నడుమ నిలువుగా పట్టుకోండి. పేజీ పైకి చదవండి."

"ఏమిటీ ఆటలు?"

"ముత్తయ్య ఈ పుల్లతోటే నవలంతా రాసిండు. మీరు డాక్టరు రిపోర్టుల చదివిన గాట్లు దీనివే. పది నిమిషాల మీ రిపోర్టు కోసం ఒక నిమిషం పుల్ల పట్టుకోలేరా?"

సుక్రాం గుమ్మం దగ్గర నుంచి చూస్తున్నాడు. నరహరికి అది నచ్చలేదు. అయినా పుల్ల తీసుకున్నాడు. చదివాడు. గుట్ట, నీళ్ళు, కూడు, రాళ్ళు అన్నీ సాఫీగా దాటాయి. "ఇక ఈ జీవితం" అన్నాడు. ఆగాడు. వేలితో పెదవి తడుముకున్నాడు. మళ్ళీ చదివాడు. "అంతం" దగ్గర మొహం చిట్లించాడు. "దోషం" దగ్గర పుల్ల తీసి బల్ల మీద పెట్టేశాడు. కింది పెదవి మీద చిన్న ఎర్రటి చుక్క.

"సున్న" అన్నాడు నెమ్మదిగా.

"సున్నే. మాట చివర సున్న వస్తే పెదవులు మూసుకుంటయి. కంటికి అది సున్న, నోటికి మకారం. ముత్తయ్య నోటితో రాసేటోడు, కాబట్టి అతనికి తెల్సు. నలభై పేజీలు ఒక్కో మాటా చూసొచ్చిన. మాట చివర సున్న ఒక్కటి లేదు. అన్నం అని రాయడు, కూడు అంటడు. రక్తం అని రాయడు, నెత్తురు అంటడు. ఉద్యోగం అనడు, కొలువు అంటడు. నలభై పేజీల్ల లేని సున్న ఆఖరి మూడు వాక్యాల్లనే మూడుసార్లు ఎట్లొచ్చింది సార్?"

నరహరి కాగితం దగ్గరగా పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్ళు అక్షరాల వంపులు చూసిన కళ్ళవి. అక్షరాలకు చప్పుడు కూడా ఉంటుందని ఎవరో చెంప మీద కొట్టి చెప్పినట్టయింది.

"చావాలనుకున్న మనిషికి ఆఖరి నిమిషంలో నియమం ఎక్కడ గుర్తుంటుంది?" అన్నాడు. మాటలో బలం లేదు.

"అయిదు అక్షరాలు గుర్తున్నయి, సున్న ఒక్కటే మర్చిపోయిండా? ఇది రాసినోడికి అయిదు అక్షరాలే తెల్సు. కంటితో చూసి రాసిండు. గొణుక్కోకుండ, పది నిమిషాల్ల, వాన పడ్డట్టు కొట్టిండు. పక్కన టీ కొట్టు దుర్గమ్మ విన్నది." ఆమె ముందుకు వంగింది. "మిమ్మల్ని ఇంకొకటి అడుగుత. శుక్రవారం మీరు బస్సు దిగింది నాలుగింటికి. రిపోర్టు టైపు చేసింది అయిదున్నరకు, తేదీ కింద మీరే వేసిన్రు. పేజీల ఉన్నది ఎవరైనా కనిపెడతరు. లేనిది గంటన్నరల ఎట్ల కనిపెట్టిన్రు? ఆ అయిదు అక్షరాల ముచ్చట మీకు ఎవరు చెప్పిన్రు?"

నరహరి ఫైలు తాడు విప్పి, మళ్ళీ కట్టబోయి, వదిలేశాడు.

"అసలు ఇంత యాతన దేనికి?" అన్నాడు ఆఖరికి, తప్పించుకోవడానికి అన్నట్టు. "చెప్పదలచుకుంటే తిన్నగా చెప్పొచ్చుగా. ఈ గారడీలు దేనికి?"

సారలమ్మకు అంతవరకు అణచుకున్న కోపం ఒక్కసారి పైకి వచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ పుల్ల మళ్ళ పట్టుకోండి సార్. రాళ్ళ కింద పోయిన నలుగురి పేర్లు చెప్త. మీరు పలకండి. హడ్మా. మంగ్లూ. ముయా. సోమి. పలకండి."

నరహరి పుల్ల ముట్టుకోలేదు. పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదిలాయి. ఒక్కో పేరు దగ్గరా అవి మూసుకున్నాయి.

"ఒక్క పేరూ రాదు. ఆ పేర్లు పలకొద్దని వీళ్ళు హుకుం ఇచ్చిన్రు. సరే, పేర్లు పలకనియ్యని చోట పేర్లు పలకలేని నోటితోటే కత చెప్త అన్నడు ముత్తయ్య. నలభై పేజీలు రాసి ఒక్క మనిషి పేరు రాయలే. కట్టుకున్న పెండ్లాం పేరు సుత రాయలే. సోమక్క అనాలంటే పెదవులు కలవాలె కద. మీరు దాన్ని పిచ్చి రాత అంటిరి."

సోమక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకా" అంది. గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

నరహరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "జగన్నాథరావుగారు" అన్నాడు. "ఆయనే చెప్పారు. స్టేషన్‌కు వెళ్ళకముందే, బస్టాండు దగ్గరే కలిశారు. ప వర్గంలో ఈ అయిదు అక్షరాలూ నవల్లో ఉండవు, ఈ కాగితంలోనూ లేవు, అదే రాయండి అన్నారు. నవలకు ముందుమాట రాస్తానని ముత్తయ్య దగ్గర పేజీలన్నీ ఎప్పటికప్పుడు తీసుకునేవారట. 41వ పేజీ బుధవారం మధ్యాహ్నం అందిందని మాటల్లో ఆయనే అన్నారు." ఒక్క క్షణం ఆగాడు. "నేను కనిపెట్టినట్టు రాసుకున్నాను. అది నా తప్పు."

"అసలు పేజీ ఆఖర్ల 'చూసినది కోసే. అడగండి, దాచదు' అని ఉన్నది, రాళ్ళగుట్ట జారిననాడు పక్కకు పోయి బతికిన కోసే. బుధవారం మధ్యాహ్నం అది చదివిండు. సాయంత్రం ఆరింటికి ప్లాంటు దగ్గరికి పిలిచిండు. ఏడున్నరకు తన తాళంచెవితో ఈ గది తెరిచిండు" అంది సారలమ్మ. "అక్కడ ఎవరూ లేరని సంతకం పెట్టినోడు కూడ ఆయనే."

నరహరి రిపోర్టు తీసి అడ్డంగా రెండుగా చించాడు. "థానేదారుతో నేను మాట్లాడతాను. ముందు జగన్నాథరావుగారిని ఇక్కడికి పిలిపిద్దాం."

"సాబ్ లేరు" అన్నాడు గుమ్మంలోంచి సుక్రాం. అతనికి తెలుగు అర్థమవుతుంది కానీ ధారాళంగా రాదు. సారలమ్మ వైపు తిరిగి గోండీలో చెప్పాడు. "పదకొండున్నరకు జీపులో వెళ్ళారు. కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు వెనక కూర్చున్నారు."

"ఎటు?"

"జగర్గుండా వైపు."

సారలమ్మ గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. కోసే ఉన్నది తర్రెం దగ్గర. జగర్గుండా వేరే దారి. అసలు పేజీలో కోసే పేరు చదివాడు గానీ ఆమె ఎక్కడుందో అతనికి తెలియదు. పొరపాటు దారి పట్టాడు. ఇంకా టైముంది. వకీలుకు తంతి కొట్టవచ్చు, కోసేను దంతెవాడ తీసుకువచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు.

"జగర్గుండా అని ఆయనకు ఎవరు చెప్పారో తెలుసా?" అని అడిగింది, దాదాపు నవ్వుతూ.

సుక్రాం టోపీ తీశాడు.

"నేనే చెప్పాను. పొద్దున అడిగారు. గనిలో పనిచేసి పోయిన వానకాలంలో మానేసిన కోసే అనే ఆడమనిషి ఊరేదని. మళ్ళీ పనిలో పెట్టుకుంటాం అన్నారు. సంతోషపడి ఊరి పేరు, వాడ పేరు, ఇంటి గుర్తులు అన్నీ చెప్పాను." అతను టోపీని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇప్పుడు మీరు చెబుతుంటే విన్నాను. ఆయనకు కావలసిన కోసే వేరు. నేను చెప్పిన కోసే మా చెల్లెలు. కడుపుతో ఉందని పని మానేసింది. ఆ రోజు ఆమె గనిలోనే లేదు."

సోమక్కకు గోండీ వచ్చు. ఆమె చప్పున లేచి నిలబడింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు నరహరి. సారలమ్మ రెండు వాక్యాల్లో చెప్పింది. నరహరి గోడ గడియారం చూశాడు. పన్నెండూ యాభై. జీపు బయలుదేరి గంటా ఇరవై నిమిషాలయింది. అతను కాంట్రాక్టరు తన వాడకానికి ఇచ్చిన కారు తాళాలు జేబులోంచి తీశాడు.

"దారి నువ్వు చూపించాలి" అన్నాడు సుక్రాంతో హిందీలో.

సోమక్కను గదిలోనే ఉండమని ముగ్గురూ మెట్లు దిగుతుండగా సుక్రాం సారలమ్మ పక్కకు వచ్చాడు. "మా చెల్లెలికి ఏమీ తెలియదు కదా అక్కా. ఏం చూశావని అడిగితే ఏమీ చూడలేదని చెబుతుంది. అదే నిజం. వదిలేస్తారు కదా?"

సారలమ్మ కారు తలుపు తీసింది. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఏమీ చూడలేదన్న మాట విని తిరిగి రావడానికి వాళ్ళు వెళ్ళలేదు. ఆ పిల్ల ఎన్నిసార్లు నిజం చెబితే అన్నిసార్లూ దాస్తోందనే అనుకుంటారు.

"ఎక్కు" అంది.